హాజరు

బస్సు దిగి మట్టిదారి పట్టుకుంటే తండా మూడు కిలోమీటర్లు. మధ్యలో ఒక వాగు. వాగు దాటి ఒడ్డెక్కగానే వేపచెట్టు, చెట్టు వెనక మొదటి ఇల్లు, ఇంటి అరుగు మీద పొద్దున్నే ఎవరో ఒక పిల్లవాడు. నన్ను చూడగానే వాడు వెనక్కి తిరిగి కేకేస్తాడు: "టీచరొచ్చింది!" ఆ కేకను పక్కింటి పిల్ల అందుకుంటుంది. ఆ వెనకింటి వాడు అందుకుంటాడు. నేను బడి తాళం తీసేలోపు అది తండా చివరి ఇంటిదాకా వెళ్లిపోతుంది. బిడ్డకు తల దువ్వుతున్న తల్లి చేయి వేగం పెంచుతుంది. మేకల వెంట పోదామని చూస్తున్నవాడు పలక కోసం వెతుకులాడతాడు.

కాసేపటికి నేను రిజిస్టరు తెరిచి పేర్లు పిలుస్తాను. ఒక్కొక్కరే లేచి "ప్రెజెంట్ టీచర్" అంటారు. వాళ్ల హాజరు నేను వేసేసరికి నా హాజరు తండా వేసేసి అరగంట దాటి ఉంటుంది.

2002 జనవరిలో నేను ఆ బడిలో చేరాను. అప్పటికి తెలంగాణ రాష్ట్రం లేదు, కామారెడ్డి జిల్లా లేదు. మాది నిజామాబాద్ జిల్లా. జిల్లా కాగితాల్లో ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి వైపు ఊళ్ల పక్కన "మారుమూల" అన్న మాట తరచుగా కనిపించేది. కామారెడ్డికి రైలుంది, హైవే ఉంది. అక్కణ్నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే రోడ్డును మా దగ్గర కేకేవై రోడ్డు అంటారు. కరీంనగర్, కామారెడ్డి, ఎల్లారెడ్డి అన్నమాట. ఆ రోడ్డు మీద ఒక స్టేజీలో దిగి అడవి వైపు నడిస్తే నా బడి.

మారుమూల అనే మాట మీద నాకు మొదటి ఏడాదిలోనే నమ్మకం పోయింది. అది ఆఫీసు కుర్చీలోంచి కొలిచిన దూరం. తండావాళ్లకు అడవి గడప ముందే ఉంది. ఫాల్గుణంలో మోదుగలు ఎర్రబడతాయి, ఎండలు ముదిరితే ఇప్పపువ్వు రాలుతుంది, ఆ తర్వాత తునికాకు, దసరా నాటికి సీతాఫలాలు. వాళ్ల ఏడాదంతా కాలినడకన అందే దూరంలోనే ఉంది. దూరంగా ఉన్నది నేనే. కామారెడ్డిలో ఆరున్నర బస్సు తప్పితే ఆ రోజు ఆ తండాలో బడి లేదు.

ఏకోపాధ్యాయ పాఠశాల అన్న మాట నోటికి బరువుగా ఉంటుంది గానీ, అర్థం ఇంతే. ఒక గది, ఒక టీచరు, అయిదు తరగతులు. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలని 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలుపెట్టినప్పుడే అన్నారు. పదిహేనేళ్ల తర్వాత నేను వెళ్లేసరికి మా తండాకు ఆ రెండో గదీ రాలేదు, రెండో మనిషీ రాలేదు. మూడో తరగతికి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ, ఒకటో తరగతి వాడి పలక మీద చేయి పట్టి దిద్దిస్తూ, అయిదో తరగతికి కళ్లతోనే "చదువుకోండి" అని చెబుతూ పొద్దు గడిచేది. మండల కేంద్రంలో మీటింగ్ ఉంటే బడికి తాళం. ఓటరు లిస్టు పనిలో వేస్తే తాళం. నాకు జ్వరమొస్తే ముప్ఫై ఒక్క మంది చదువుకు జ్వరం. పట్నంలో ఒక టీచరు రాకపోతే పక్క సెక్షన్ టీచరు చూసుకుంటారు. ఇక్కడ టీచరు లేకపోవడమంటే బడి లేకపోవడమే. ఆ సంగతి పిల్లలకు తెలుసు గనకే వేపచెట్టు దగ్గర కాపలా.

మొదటి నెల రోజులు నేను వచ్చానని తృప్తిగా ఉండేది. పొద్దున ఆరున్నరకు బస్సు, తొమ్మిదిన్నర కల్లా బడి, ఒక్క రోజు నాగా లేదు. రావడంతోనే సగం పని అయిపోయిందనుకున్నాను. ఆ తృప్తిని ఒక ఆరేళ్ల పిల్ల తీసేసింది.

గోడకు అక్షరాల చార్టు తగిలించి ఉండేది. ఈ చార్టు చూడనివాళ్లు మనలో ఎవరుంటారు? అ దగ్గర చీర కట్టుకున్న అమ్మ, ఆ దగ్గర తెల్లటి ఆవు. కర్రతో అమ్మ బొమ్మ చూపించి "ఎవరిది?" అనడిగాను. ఆ పిల్ల లేచి నిలబడి కాసేపు బొమ్మను చూసింది. చీర కట్టుకున్న ఆ మనిషి వాళ్ల తండాలో ఎవరిలానూ లేదు. అప్పటికి అక్కడ చాలామంది ఆడవాళ్లు అద్దాలు కుట్టిన పేటియాలే కట్టేవాళ్లు. అయినా చంకలో బిడ్డ ఉంది కదా, గుర్తుపట్టింది.

"యాడి" అంది.

"కాదు, అమ్మ. అను, అమ్మ."

మళ్లీ బొమ్మ వైపు చూసింది. నా వైపు చూసింది. "యాడి."

మూడోసారి నా గొంతు పెరిగింది. ఆ పిల్ల నోరు మూసుకుంది. అప్పటినుంచి నెలన్నరకు పైగా ఆమె నోటి నుంచి "ప్రెజెంట్ టీచర్" తప్ప ఇంకో మాట వినలేదు. రోజూ వచ్చేది. ముందు వరసలో కూచునేది. రిజిస్టరులో ఒక్క ఎర్ర గుర్తు లేదు. మొద్దు పిల్ల అని మనసులో ఒక మూలన రాసుకున్నాను. ఆ మాట రాసుకున్నది నేనే కాబట్టి ఇక్కడ ఒప్పుకోవాల్సిందీ నేనే.

హోలీ వచ్చింది. లంబాడీలకు అది ఎంత పెద్ద పండుగో నాకప్పుడు తెలియదు. తండాపెద్ద మరీమరీ చెబితే సెలవైనా వెళ్లాను. ఆడా మగా వలయంగా తిరుగుతూ లేంగి పాటలు పాడుతున్నారు. ఆ వలయంలో, పెద్దవాళ్ల నడుముల మధ్య, నా మొద్దు పిల్ల. అందరికంటే ముందే చరణం అందుకుంటోంది. ఒక ముసలాయన ఏదో ఆటపట్టిస్తే అడుగు తప్పకుండానే జవాబు చెప్పింది. చుట్టూ నవ్వులు. అర్థం కానిదాన్ని నేనొక్కదాన్నే. అందరి మధ్యా నిలబడి ఉన్నాను, కానీ అక్కడ లేను. నెలన్నరగా ఆ పిల్ల నా గదిలో ఎలా కూచుని ఉందో అప్పుడు తెలిసింది.

మా తాత సంగతి గుర్తొచ్చింది. తాడ్వాయి పక్కన చిన్న ఊరు మాది. నిజాం కాలంలో ఊళ్లో పంతులు దగ్గర ఇసుకలో అక్షరాలు దిద్దుకున్న తాతను వాళ్ల నాయిన కామారెడ్డి సర్కారు బడిలో వేశాడు. అక్కడ చదువు ఉర్దూలో. మొదటి రోజు మౌల్వీసాబ్ "బైఠో" అన్నాడట. అందరూ కూచున్నారు. తాతకు ఆ మాట తెలియదు. నిలబడే ఉన్నాడు. ఇంకోసారి "బైఠో" అన్నాడు. ఇంకా బిగుసుకుని నిలబడ్డాడు. అరచేతిలో నాలుగు దెబ్బలు పడ్డాయి. తొంభై ఏళ్లకు దగ్గరపడ్డాక కూడా తాత ఆ కథ చెప్పేటప్పుడు కుడి అరచేయి చాపి చూపించేవాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. అన్నిసార్లు విన్న మనిషిని, ఒక పిల్ల తన తల్లిని తన మాటలో పిలిస్తే గొంతు పెంచాను.

మా తాతల చేతులు మంట పెట్టిన ఆ చదువు మీదే కదా తెలంగాణలో గొడవంతా మొదలైంది! ఎల్లారెడ్డికి దక్షిణాన, మంజీర నది దారిలో ఉన్న జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు కావాలని, ప్రైవేటు బళ్ల మీద ఆంక్షలు తీసెయ్యాలని ఆ సభల్లో మళ్లీ మళ్లీ అడిగారు. ఆ పోరాటం గెలిచింది. మన పిల్లలు తెలుగులో చదువుకున్నారు. గెలిచినవాళ్లం వెనక్కి తిరిగి తండా వైపు చూశామా అన్నది నా ప్రశ్న. ఉర్దూ బడి వదిలిపెట్టి వెళ్లిన మాటల్లో ఒకటి మన నోళ్లలో స్థిరపడిపోయింది. హాజిర్. దాన్ని హాజరు చేసుకుని రోజూ పొద్దున వాడుతున్నాం.

హోలీ తర్వాత బడి తెరిచిన రోజు చార్టు జోలికి పోలేదు. నల్లబల్ల మీద పెద్దగా య రాశాను. దీర్ఘం ఇచ్చాను. పక్కన డి రాశాను. వేలితో చూపిస్తూ మెల్లగా చదివాను: "యా...డి."

ముందు వరసలో ఆ పిల్ల లేచి నిలబడింది. నేను లేవమనలేదు. నల్లబల్ల దాకా వచ్చి, అక్షరాలను ముట్టుకుని, వేలికంటిన చాక్‌పీసు పొడి చూసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి తరగతి మొత్తానికి చెప్పింది: "యాడి!"

ఆ రాత్రి ఇంట్లో కూచుని లెక్కేస్తే ఇంకో సంగతి తట్టింది. మన వర్ణమాలలో అ మొదటిది. మన పిల్లకు మొదటి అక్షరంలోనే అమ్మ దొరుకుతుంది. ఆ పిల్ల తన తల్లిని కలుసుకోవాలంటే అచ్చులన్నీ దాటి, క మొదలుకుని మ దాకా ఇరవై అయిదు హల్లులు దాటి, య దాకా నడవాలి. అంత దూరం నడిచే ఓపిక ఎందరికి ఉంటుంది? మధ్యలోనే మేకల వెంట పోయినవాళ్లను "డ్రాపవుట్" అని మనం లెక్క రాసుకున్నాం.

తర్వాత రెండేళ్లు నేను విద్యార్థిని. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని, ఎడమ పక్క వాళ్ల మాట, కుడి పక్క మన మాట రాసుకున్నాను. పాణి అంటే నీళ్లు. బాటి అంటే రొట్టె. గావడి అంటే ఆవు. నేను తప్పు పలికితే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. నవ్వాక ఓపిగ్గా మళ్లీ చెప్పేవాళ్లు. నేను వాళ్లకు చెప్పినప్పుడు నాకంత ఓపిక ఉందా అని చాలాసార్లు అనుకున్నాను. లంబాడీల భాష గోర్ బోలికి సొంత లిపి లేదు. మన తెలుగు అక్షరాలు దానికి చక్కగా సరిపోతాయి. అక్షరం మనది, మాట వాళ్లది. ఆ బేరంలో ఎవరికీ నష్టం లేదు. తన మాట తాను చదవగలిగిన పిల్ల ఆరు నెలల్లో "ఆవు" కూడా చదివింది. తెలుగు వాళ్లకు శత్రువు ఎప్పుడూ కాలేదు. ముందు వాకిట్లోకి రానిస్తే వాళ్లంతట వాళ్లే నడింట్లోకి వచ్చారు.

ఇదేదో నేను కనిపెట్టానని అనుకున్నాను కొన్నాళ్లు. ఎల్లారెడ్డిలో ఒక శిక్షణలో సీనియర్ సారు ఒకాయన సిల్వియా ఆష్టన్-వార్నర్ గురించి చెప్పారు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లల బడిలో ఆమె టీచరు. అచ్చేసిన వాచకం పక్కన పెట్టి, ప్రతి పిల్లనూ పొద్దున్నే "ఇవాళ నీకు ఏ మాట కావాలి?" అనడిగి, ఆ మాటను అట్టముక్క మీద రాసి చేతికిచ్చేది. అమ్మ, నాన్న, దయ్యం, ముద్దు. పిల్లల ప్రేమలోంచో భయంలోంచో వచ్చిన మాటను వాళ్లు ఒక్కసారి చూస్తే చాలు, మరిచిపోరని ఆమె గమనించింది. 1963లో వచ్చిన "టీచర్" అనే పుస్తకంలో అదంతా రాసింది. భూగోళం అవతల చివర, నేను పుట్టకముందే, ఒకామె ఇదే గడప మీద నిలబడిందని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి వంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు మొదటి తరగతి నుంచి సొంత మాటలో చదువు మొదలుపెట్టింది. అందులో బంజారా భాష, అంటే గోర్ బోలి కూడా ఉంది. ఎంచుకున్న కొన్ని బళ్లలోనే మొదలుపెట్టారు. అందులో మా బడి లేదు. ఆ వాచకం ఒకటి సంపాదించి చూశాను. తెలుగు అక్షరాల్లో తండా మాటలు. నా నోటుబుక్కుకు పెద్దక్క పుట్టినట్టనిపించింది. ఆ ప్రయత్నం అన్ని తండాలకూ ఎందుకు పాకలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నేను చేరిన ఏడాది హాజరుకు ఇంకో విలువ ఉండేది. బియ్యం. నెలలో 80 శాతం రోజులు బడికి వస్తే పిల్లకు 3 కిలోల బియ్యం. అప్పటికింకా బడిలో వంట లేదు. నెలాఖరున రిజిస్టరు ముందేసుకుని లెక్క కడుతుంటే నా చేతిలోని కలం తక్కెడలాగా అనిపించేది. ఒక పిల్లవాడికి రెండు రోజులు తక్కువ పడ్డాయి. ఆ రెండు రోజులూ వాడు చెల్లెల్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉన్నాడు, తల్లి తునికాకుకు పోయింది. ఆ రెండు ఎర్ర గుర్తులు నేను పెట్టలేదు. పెట్టాల్సిందని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాటా నిజమే. 2003 జనవరి నుంచి బడిలోనే అన్నం వండడం మొదలైంది. ఆ తక్కెడ నా చేతిలోంచి దిగింది. పొయ్యి మీద బియ్యం ఉడికే వాసన పదకొండు గంటలకల్లా గదిలోకి వచ్చేది, ఎక్కాలు తప్పిపోయేవి, నేను ఏమీ అనేదాన్ని కాదు.

దసరా దాటితే మాత్రం ఏ అన్నమూ ఆపలేకపోయేది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కుటుంబాలకు కుటుంబాలే చెరకు కోతకు మహారాష్ట్ర వైపు కదిలేవి. ముందు రోజు సాయంత్రం ఏ పిల్లవాడూ "రేపు రాను టీచర్" అని చెప్పడు. మర్నాడు పేరు పిలిస్తే జవాబు రాదు. పక్కవాడు నేల చూపులు చూస్తూ "పోయిండ్రు" అంటాడు. వేసవిదాకా ఆ వరస ఖాళీ. కొందరిని నాయనమ్మల దగ్గర వదిలి వెళ్లమని ఇంటింటికీ తిరిగి బతిమాలాను. ఒక ముసలామె అడిగింది: "అప్పు నువ్వు కడ్తవా టీచరమ్మా?" కోపంగా అడగలేదు, నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అయినా మనవడిని ఉంచుకుంది.

1977కు ముందు తెలంగాణలో లంబాడీలు ఎస్టీ జాబితాలోనే లేరు. ఆంధ్ర ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఆ గుర్తింపు ఉంది, ఇక్కడివాళ్లకు లేదు. హాస్టలు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం అనే మాటలు ఈ తండాల గడప తొక్కింది ఆ తర్వాతే. ఆ ముసలామె తన చిన్నతనంలో బడి గోడ చూసి ఉండదు. మనవడిని ఉంచుకోవడం ఆమెకు ఎంత పెద్ద నిర్ణయమో నాకు తర్వాత తర్వాత అర్థమైంది.

ఒక శ్రావణంలో తీజ్ పండుగ నాడు సాయంత్రం వాన ముంచుకొచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మొలిపించిన గోధుమ నారు తలల మీద పెట్టుకుని పాడుతుంటే చూస్తూ ఉండిపోయాను. తేరుకునేసరికి వాగు ఒడ్డులు దాటింది. బస్సు లేదు, ఫోను లేదు. ఆ ముసలామె ఇంట్లోనే పడుకున్నాను. జొన్నరొట్టె, కారం పెట్టింది. నేను తింటుంటే ఎదురుగా కూచుని అడిగింది.

"నీ బిడ్డ ఏదీ?"

"కామారెడ్డిల ఉన్నది. మా అమ్మ దగ్గర."

ఆమె ఇంకేమీ అనలేదు. ఇంకో రొట్టె తెచ్చి పళ్లెంలో వేసింది.

ఉద్యోగంలో చేరేనాటికి మా అమ్మాయికి పదకొండు నెలలు. పొద్దున నేను బయల్దేరేటప్పటికి నిద్ర లేచేది కాదు. మా అమ్మాయి మొదటిసారి "అమ్మ" అన్నప్పుడు నేను రోడ్డు మీద స్టేజీలో సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ మాట మా అమ్మను చూసి అందట. అమ్మ చాలా రోజులు నాకా సంగతి చెప్పలేదు. ఒకచోట హాజరు వేయించుకుంటే ఇంకోచోట గైర్హాజరు పడుతుంది. ఏ రిజిస్టరులోనూ ఈ రెండూ పక్కపక్కన రాయరు. ఈ రోడ్డు మీద తెల్లవారుజామున బస్సెక్కే ఆడ టీచర్లలో సగం మంది ఒళ్లో టిఫిన్ బాక్సు, కళ్ల ముందు నిద్రపోతున్న బిడ్డ ముఖం పెట్టుకుని ప్రయాణిస్తారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్టు ఖర్చు లేదు. బస్సు కిక్కిరిసిపోయింది. నిలబడే వెళ్తున్నాం, మంచిదే. కూలికి పోయే ఆడవాళ్లూ, ఎల్లారెడ్డిలో కాలేజీకి పోయే తండా ఆడపిల్లలూ మా పక్కనే నిలబడుతున్నారు.

బదిలీలు వచ్చాయి. నాగిరెడ్డిపేట వైపు కొన్నేళ్లు, గాంధారి వైపు కొన్నేళ్లు. మధ్యలో రాష్ట్రం వచ్చింది, జిల్లా వచ్చింది. 2018 చట్టంతో అయిదు వందల జనాభా దాటిన తండాలు సొంత పంచాయతీలయ్యాయి. 2022లో బళ్లన్నిటికీ ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో పుస్తకాలొచ్చాయి. తండా పిల్లకు రెండు పేజీలూ ఒకటే దూరం.

2024 బదిలీల్లో నేను మళ్లీ మొదటి తండాకే వెళ్లాను. కోరి వెళ్లాను. ఇప్పుడు వేపచెట్టు దాకా సిమెంటు రోడ్డుంది. గదులు రెండయ్యాయి. పిల్లలు మాత్రం పద్నాలుగు మందే మిగిలారు. తెల్లారేసరికి ఎల్లారెడ్డి నుంచి రెండు పసుపు రంగు బస్సులు వచ్చి మిగతావాళ్లను ఎక్కించుకుపోతాయి. టై కట్టుకున్న పిల్లలు కిటికీలోంచి నాకు చేతులూపుతారు. మరుసటి ఏడాది ఆగస్టు నుంచి మా హాజరు కూడా ఫోనే వేసుకుంటోంది. ఫోను ముందు ముఖం పెట్టాలి, అది గుర్తుపట్టాలి. తండాలో సిగ్నల్ బడి వెనక మెట్ట మీద ఒక్క బండరాయి దగ్గరే నిలకడగా ఉంటుంది. పొద్దున్నే ఆ రాయెక్కి ఫోను ఎత్తి పట్టుకుంటే పిల్లలంతా కింద నిలబడి నాతోపాటు ఊపిరి బిగబట్టి చూస్తారు. పచ్చ టిక్కు పడగానే కేక పెడతారు. వేపచెట్టు కేక ఇప్పుడు ఆ రాయి దగ్గరికి చేరింది.

ఆ ఆగస్టు నెలాఖరులోనే వాన. వినాయక చవితి నాడు మొదలై రెండు రోజులు మా జిల్లాను ముంచేసింది. రాజంపేట మండలంలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రోడ్లు తెగాయి, భిక్కనూరు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. 1922లో కట్టిన పోచారం ప్రాజెక్టు మీదుగా నీళ్లు దూకుతుంటే కట్ట నిలుస్తుందా అని కింది ఊళ్లన్నీ జాగారం చేశాయి. నిలిచింది. కామారెడ్డిలో మా వీధిలోకీ నడుము లోతు నీళ్లొచ్చాయి. కరెంటు లేని ఆ చీకట్లో, మేడ మీద కూచుని ఉండగా ఫోను మోగింది. తండా నుంచి. వానలో ఆ రాయెక్కి చేసి ఉంటారు.

"టీచర్, మీరు రాకుండ్రి. వాగు మీద కల్వర్టు పోయింది. అందరం మంచిగనే ఉన్నం. పిల్లలు మంచిగనే ఉన్నరు. పేర్లు చదువుతా, రాస్కోండ్రి."

పద్నాలుగు పేర్లూ చదివింది. ఒక్కో పేరు తర్వాత "ఉన్నడు", "ఉన్నది" అంటూ పోయింది. గొంతు గుర్తుపట్టాను. ముందు వరసలో కూచున్న నా మొద్దు పిల్ల. ఆమెకిప్పుడు ముప్ఫై దగ్గరపడింది. ఎల్లారెడ్డిలో ఇంటరు దాకా చదివి, పెళ్లై, అదే తండాలో ఉంటోంది.

"తొలి ఉపాధ్యాయుడు" చదివిన తెలుగువాళ్లకు దూయిషేన్ గుర్తుండే ఉంటాడు. చింగీజ్ ఐత్‌మాతొవ్ 1962లో రాసిన ఆ కథలో, చలికాలపు వాగులో పిల్లల్ని ఎత్తుకుని దాటించే టీచరు. టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు అది చదివి నేనూ అలా దాటిస్తానని అనుకున్నాను. ఆ రాత్రి మేడ మీద ఫోను చెవికి పెట్టుకుని ఉంటే, వాగుకు ఇవతల ఒడ్డున ఒంటరిగా ఉన్నది నేను. అవతలి ఒడ్డు నుంచి నా కోసం హాజరు పిలిచింది ఆమె.

ఆ వానలకు ఆమెకున్న రెండెకరాల్లో ఇసుక మేట వేసింది. మక్క చేను ఆనవాలు లేకుండా పోయింది. దసరా సెలవుల తర్వాత ఒక పొద్దున కొడుకును వెంటబెట్టుకుని బడికి వచ్చింది. ఆరేళ్లవాడు. పాత బడి టై ఇంకా మెడలోనే ఉంది. "ఫీజులు కట్టలేం టీచర్, ఇంక మీ దగ్గర్నే చదువుతడు," అంది. అలా చెప్పడానికి ఆమె సిగ్గుపడింది, నాకు నచ్చలేదు. "నా దగ్గర చదువుకున్నదానివే కదా," అన్నాను. నవ్వింది.

వాడి పేరు రిజిస్టరులో రాశాను. గోడకు కొత్త చార్టు ఉంది, రంగులు బాగున్నాయి, అ దగ్గర అమ్మ ఇప్పటికీ చీరలోనే ఉంది. వాణ్ని పిలిచి బొమ్మ మీద వేలు పెట్టాను.

"ఎవరు నాన్నా ఇది?"

వాడు ఒక్క క్షణం ఆలోచించలేదు. "మమ్మీ."

నేను వాళ్లమ్మ వైపు చూశాను. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది, నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకుంది, నల్లబల్ల మీద కింది మూలన, వాడి ఎత్తుకు అందేలా వంగి, నెమ్మదిగా రాసింది. యాడి.

వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. తల్లి ముఖంలోకి చూశాడు.

"ఇది నానమ్మ మాట," అన్నాడు.

వాళ్లమ్మ చాక్‌పీసు పొడి చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ వాడికేదో చెప్పింది, గోర్ బోలిలో, గబగబా. అంతా నాకు అర్థం కాలేదు. నోటుబుక్కు ఎక్కడుందో వెతకాలి. వాడు వెళ్లి ముందు వరసలో కూచున్నాడు. నేను రిజిస్టరు తెరిచి మొదటి పేరు పిలిచాను.